అన్నం పెట్టే చేయి

కోడుమూరు,
జూన్ నెల.

అమ్మీ తనూజా,

మీ వదిన ఉత్తరం రాసిందేమిటి, ఫోన్ ఏమైంది అని బెదిరిపోకు. ఫోన్ బాగానే ఉంది. మన ఇల్లు నీకు తెలియనిదా? మగ్గం గుంత, పొయ్యి, మంచం అన్నీ ఒకే గదిలో. నేనెంత గుసగుసగా మాట్లాడినా మీ అన్న చెవులు రిక్కించి వింటాడు. తన జబ్బు మాట వినబడిందంటే ఆ పూట కంచం ముట్టడు. అందుకని నేత సొసైటీ అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. నీ జవాబు కూడా సొసైటీ అడ్రసుకే రాయి. గుమాస్తా మహానంది నా చేతికే ఇస్తానన్నాడు.

మీ అన్న మొండికేశాడు. కిడ్నీలు పూర్తిగా చెడిపోయాయని చెప్పినప్పటి నుంచి వారానికి మూడుసార్లు కర్నూలు పోయి డయాలసిస్ చేయించుకుంటున్నాం కదా, ఇన్నాళ్ళూ మెడలో పెట్టిన గొట్టంతోనే నడిచింది. మొన్న డాక్టరు పిలిచి, ఆ గొట్టం ఎక్కువ కాలం ఉంచకూడదు, చేతిలో రక్తనాళాలు కలిపే ఆపరేషన్ చేయాలన్నాడు. ఏ చేత్తో అన్నం తింటావని అడిగాడు. కుడి చేత్తో అన్నాడు మీ అన్న. అయితే ఎడమ చేతికి చేస్తాం, ఆ చేత్తో ఇక బరువులు ఎత్తకూడదు, దానికి దెబ్బ తగలకూడదు అన్నాడు డాక్టరు. మీ అన్న తలూపి బయటికొచ్చాడు. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని ఊరు దగ్గరపడ్డాక ఇటు తిరిగాడు.

"అన్నం తినే చేయి యాదని అడిగినారు. అన్నం పెట్టే చేయి యాదని అడగల్యా" అన్నాడు చివరికి.

మగ్గం పక్కన పుట్టినదానివి, నీకు వేరే చెప్పాలా. కుడి చేత్తో తాడు లాగితే దారం కండెతో నాడె అటూ ఇటూ పోతుంది. అది ఎవరైనా లాగుతారు. ఎడమ చేత్తో పలక గుంజి, ఆ అడ్డపోగు పేకను బిగించేదాంట్లోనే నేత అంతా ఉంది. మీ అన్న చీర పట్టుకుపోతే సొసైటీలో వేలు పెట్టి చూడరు, మడత పెట్టేస్తారు. ఆ చేయి వాళ్ళకు అప్పగించి నేను గుంతలో దిగి ఏం చేయాలి అంటాడు.

ఆపరేషన్ వద్దంటే మెడ గొట్టమే గతి. ఆ గొట్టంతో నిన్న డయాలసిస్ అయిపోతుండగా వణుకు పుట్టింది. రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడాయి. నాకు చాలా భయంగా ఉంది. నువ్వు కడప ఆసుపత్రిలో నర్సుగా ఇదే పనిలో ఉన్నావు, కిడ్నీ రోగులకు మార్గదర్శకాలు రాసే కమిటీలో కూడా వేశారని చెప్పావు. మీ పుస్తకంలో ఏముందో నాకు అర్థమయ్యేట్టు రాయి.

ఇంకొక మాట. కిడ్నీ ఇచ్చేవాళ్ళు ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని డాక్టరు మొదట్లోనే అడిగాడు. నా బ్లడ్ గ్రూపు కలవలేదు. రక్త సంబంధం వాళ్ళు ఇంకెవరూ లేరా అన్నాడు. నేను ఏమీ చెప్పలేదు.

మీ వదిన
శివలీల


కడప,
జూన్ నెల.

వదినా,

నీ ఉత్తరం డ్యూటీ దిగాక చదివాను. ముందు ఆ వణుకు గురించి చెబుతాను, ఎందుకంటే నీకంటే నాకు ఎక్కువ భయమేసింది. మెడలో గొట్టం నేరుగా గుండె దగ్గరకు పోతుంది. దాని వెంట ఒక క్రిమి పోయినా నెత్తురంతా పాకుతుంది. వణుకు పుడితే ఇంటికి రాకూడదు, అక్కడే నర్సుకు చెప్పాలి. మళ్ళీ వస్తే దుప్పట్లు వెతకవద్దు, ఆసుపత్రికి పరిగెత్తు.

మా మార్గదర్శకాలలో మొదటి మాట చేతి ఫిస్టులా గురించే. ఒక రక్తనాళాన్ని ఇంకొకదానితో కలిపి కుడితే అది కొన్ని వారాల్లో లావెక్కి సూదులకు తట్టుకుంటుంది. బయటి వస్తువు లోపల ఉండదు కాబట్టి క్రిమి భయం తక్కువ. బాగా చూసుకుంటే ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. వాడుక తక్కువ ఉన్న చేతికి ముందు చూడాలని రాసి ఉంది. అన్న డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడాను. కుడి చేతి నాళాలు మొదటిసారి ఆసుపత్రిలో సెలైన్లు ఎక్కించినప్పుడే పాడయ్యాయట. ఇక ఎంచుకోవడానికి ఏముంది?

అన్నతో ఇలా చెప్పు. చేయి పోదు. చిన్న పనులన్నీ చేసుకోవచ్చు. రోజంతా పలక గుంజడం మాత్రం ఇప్పుడు వద్దు, తర్వాత సంగతి డాక్టరు చూసి చెబుతాడు. మెడ గొట్టంతో ఈ ఎండల్లో బస్సులో తిరిగితే చేయీ ఉండదు, మగ్గమూ ఉండదు. నేను చెప్పినట్టు చెప్పకు, తనకు నేనింకా చిన్నపిల్ల లెక్కే కదా. నువ్వే చెప్పు.

ఆపరేషన్ అయ్యాక చేతి మీద చెవి పెడితే ఒక మోత వినబడుతుంది. అది వినబడినంత కాలం ఫిస్టులా బతికి ఉన్నట్టు. రోజూ పొద్దున విను.

మిగతా సంగతులు తర్వాత రాస్తాను.

తనూజ


కోడుమూరు,
ఆగస్టు నెల.

అమ్మీ,

ఆపరేషన్ అయింది. నేను చెబితే వినే మనిషి అయితే ఎప్పుడో వినేవాడు, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది నా పని. వినిపించింది జ్వరమే. రెండోసారి వణుకు పుట్టినప్పుడు నువ్వు చెప్పినట్టే ఆసుపత్రిలోనే ఉండిపోయాం. పక్క మంచం మీద గోపన్న అనే ఆయన, ఓర్వకల్లు మనిషి, అదే మెడ గొట్టంతో వచ్చిన జ్వరంతో పొద్దున బాగా మాట్లాడి సాయంత్రానికి పోయాడు. ఆయన భార్య టిఫిన్ గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. మీ అన్న ఆమెను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. మర్నాడు డాక్టరు రాగానే ఎడమ చేయి చాపి, "కోసుకోండప్పా" అన్నాడు.

తనూజా, ఆ మోత నువ్వు చెబితే ఏదోలే అనుకున్నాను. మణికట్టు పైన చెవి పెడితే లోపల రాట్నం తిరుగుతున్నట్టే ఉంది. నేను పొద్దున లేచి ముఖం కూడా కడగకుండా ముందు అదే వింటున్నాను. కర్నూలు కాలేజీ నుంచి శిల్ప వచ్చినప్పుడు అది కూడా వింది. వాళ్ళ నాన్న చేతిని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. ఎందుకమ్మా ఏడుస్తావు, మోగుతోంది కదా అన్నాను. మోగుతోందనే ఏడుస్తున్నానంది. ఆడపిల్లలకు చదువు చెప్పిస్తే ఇట్లాంటి మాటలే వస్తాయి.

నువ్వు వచ్చి ఏడాది దాటింది. దసరాకైనా రా. వీడియో కాల్ చేస్తే కెమెరా తిప్పేసి గోడ చూపిస్తావు, నీ గదిలో గోడ నాకెందుకు?

వదిన


కడప,
సెప్టెంబరు నెల.

వదినా,

గోపన్న గారి సంగతి చదివాను. మా దగ్గర కూడా ఇటువంటివి చూస్తూనే ఉంటాను. అన్న ఒప్పుకున్నందుకు ఊపిరి పీల్చుకున్నాను.

దీంతో పాటు ఒక కాగితం పంపుతున్నాను. మా మార్గదర్శకాలలో రోగి ఇంటివాళ్ళకు ఇవ్వాల్సిన భాగం. కమిటీలో అందరూ పెద్ద డాక్టర్లు, నర్సును నేనొక్కదాన్నే. ఇంగ్లీషులో ఉన్నదాన్ని జనానికి తెలిసే తెలుగులోకి మార్చడం నా పని. ఫిస్టులా ఉన్న చేతికి బీపీ చూడనివ్వద్దు, సూది మందు ఇవ్వనివ్వద్దు, బరువు ఎత్తవద్దు, ఆ చేయి కింద పెట్టుకుని పడుకోవద్దు, గడియారం, బిగుతు గాజులు వేసుకోవద్దు. గోడకు అంటించి పెట్టుకో.

పోయిన ఆదివారం కమలాపురంలో కిడ్నీ పరీక్షల శిబిరం పెట్టాం. పొలాల నుంచి నేరుగా వచ్చారు. నడుము నొప్పికి రోజుకో మాత్ర మింగేవాళ్ళు ఎంతమందో. అన్న కూడా మగ్గం దిగగానే ఆ మాత్రలే వేసుకునేవాడు కదా, అవి రోజూ మింగితే కిడ్నీలు పోతాయని ఒక్కొక్కరికీ చెప్పాను. ఇంట్లో ఒకరికి కిడ్నీ జబ్బు ఉంటే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిల్లలు కూడా పరీక్ష చేయించుకోవాలని మైకులో చెప్పాను. గిడ్డమ్మ అనే పెద్దావిడ లేచి, మాకు ఏమీ లేకపోయినా భయపెట్టి పంపుతావా అంది. అందరూ నవ్వారు.

అన్న మగ్గం జోలికి పోవడం లేదు కదా? నిజం చెప్పు.

దసరాకు సెలవు దొరకదు వదినా.

తనూజ


కోడుమూరు,
నవంబరు నెల.

అమ్మీ,

అందరం బాగున్నాం. కాగితం గోడకు అంటించాను. మగ్గానికి కొత్త పడుగు నూలు ఎక్కించాం, వెనక వీధి కేశవ కూలికి వచ్చి నేస్తున్నాడు. మీ అన్న పక్కన కూర్చుని వాడి ప్రాణం తీస్తున్నాడు. ఇంకొన్నాళ్ళకు చేతికే సూదులు పెట్టి మెడ గొట్టం తీసేస్తామన్నారు.

మోత ఈ రెండు రోజులుగా కొంచెం సన్నగా వినబడుతోంది. చలి పడింది కదా, అందుకేనా? అట్లా ఉండడం మామూలేనా? మీ అన్నను అడిగితే, నేనే చూసుకుంటున్నాను, మోగుతోంది, నువ్వు ప్రతి పొద్దునా చెవి పెట్టి చెవుడు తెచ్చుకోకు అంటాడు.

వెంటనే రాయి. లేకపోతే ఫోన్ చేసినా సరే.

వదిన


కడప,
నవంబరు నెల.

వదినా,

నీ ఉత్తరం చేతికి అందగానే వరండాలో నిలబడి ఫోన్ చేశాను. అప్పటికే నువ్వు బస్సులో ఉన్నావు. మోత ఆగిపోయిందని చెప్పి నువ్వు ఏడుస్తుంటే పక్కన అన్న గొంతు వినబడింది, ఊరుకో, అందరూ చూస్తున్నారని. ఆ తర్వాత ఫోన్ కట్టయింది.

సాయంత్రం డాక్టరుతో మాట్లాడాను. లోపల నెత్తురు గడ్డ కట్టిందట. తీయడానికి చాలా ప్రయత్నించారు, రాలేదు. ఒక రోజు ముందు వచ్చి ఉంటే ఏమో అన్నాడు. ఆ ఫిస్టులా ఇక పనికిరాదు. మెడ గొట్టం ఇంకా కొంతకాలం ఉండాలి.

కోపంతో రాయడం లేదు. తెలుసుకోవాలని అడుగుతున్నాను. అన్న మణికట్టు చుట్టూ సన్నటి గీత, ఏదో బిగించి కట్టినట్టు, లోతుగా ఉందని డాక్టరు చెప్పాడు. ఏమిటని అడిగితే అన్న మాట్లాడలేదట. నువ్వూ మాట్లాడలేదట.

ఏం కట్టారు వదినా?

తనూజ


కోడుమూరు,
డిసెంబరు నెల.

అమ్మీ తనూజా,

ఎట్లా రాయాలో తెలియక ఇన్నాళ్ళు ఊరుకున్నాను. కట్టింది నేనే.

కేశవ నేస్తున్నాడని రాశాను కదా, వాడు వచ్చింది మొదటి వారమే. వాడు పలక గుంజితే చీర జల్లెడలా వచ్చింది. మీ అన్న రెండు రోజులు ఓర్చుకుని, మూడో రోజు వాడిని లేపి తనే గుంతలో దిగాడు. కాసేపే, చేయి అలవాటు పోకుండా చూసుకుంటాను అన్నాడు. నేను వద్దనలేదు. ఆ చప్పుడు మా ఇంట్లో మళ్ళీ వినబడేసరికి నాకు ప్రాణం లేచి వచ్చింది, ఎందుకు అబద్ధం చెప్పాలి. నీకు చెబితే తిడతావని రాయలేదు.

కొత్త పడుగు మీద కూర్చునేటప్పుడు మన ఇంట్లో ఏం చేస్తారో నీకు తెలుసు. మొదటి పోగులు చౌడమ్మ తల్లికి చూపించి, పేనిన దారం నేసేవాడి చేతికి కట్టాలి, పడుగు అయిపోయేదాకా తెంపకూడదు. ఈసారి ఇంకా భయభక్తులతో చేశాను. ఇంత గండం గడిచింది, అమ్మే కాపాడాలని మొక్కుకుని, కుడి చేతికి కట్టబోయాను. మీ అన్న ఎడమ చేయి ముందుకు పెట్టాడు.

"నేసే చేతికి కట్టకుంటే యాడ కడ్తావు?" అన్నాడు.

గోడ మీద నీ కాగితం ఉంది. గడియారం వద్దని ఉంది, మాకు గడియారం లేదు. గాజులు వద్దని ఉంది, మీ అన్నకు గాజులెందుకు. దారం సంగతి అందులో లేదు. దారం ఏం చేస్తుందిలే అనుకున్నాను. వదులుగానే కట్టాను, వేలు దూరేట్టు. కానీ అది గంజి పెట్టిన పడుగు నూలు. చెమటకు తడిసింది, స్నానానికి తడిసింది, తడిసిన ప్రతిసారీ బిగుసుకుంది. నూలు తడిస్తే బిగుస్తుందని వీధిలో పసిపిల్లకు కూడా తెలుసు. పుట్టినప్పటి నుంచి నూలుతోనే బతికినదాన్ని, నా చేతికి తెలిసింది నా బుర్రకు తట్టలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

నీకు ఉత్తరం వేశాక మీ అన్న నన్ను చెవి పెట్టనివ్వలేదు. చొక్కా చేతులు కిందికి లాక్కుని, మోగుతోందిలే అనేవాడు. ఒక పొద్దున పోట్లాడి చేయి లాక్కుని విన్నాను. లోపల ఏమీ లేదు తనూజా. రాయి మీద చెవి పెట్టినట్టు ఉంది. కత్తెరతో దారం తెంపుతుంటే చర్మంలోకి దిగిపోయి ఉంది. ఎప్పటి నుంచి అని అరిచాను.

"ముందురోజే ఆగిందిలే. చీర కొంగు దాకా వచ్చింది, మగ్గం మీంచి దింపినాక చెప్దామనుకున్యా" అన్నాడు.

చీర కోసం దాచాడు. ఆ చీర ఇంకా మగ్గం మీదే ఉంది. నేను దాన్ని ముట్టుకోలేదు, ఆయన కూడా ముట్టుకోలేదు.

ఇప్పుడు మళ్ళీ ఒళ్ళు వెచ్చగా ఉంటోంది. రోజుకు ఎన్నిసార్లు నుదురు తడుముతానో నాకే తెలియదు. గోపన్న భార్య ముఖం కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. నన్ను ఏమన్నా అను, పడతాను. ఇక ఏమి చేయాలో మాత్రం చెప్పు.

వదిన


కడప,
డిసెంబరు నెల.

వదినా,

నిన్ను అనేదేముంది? కాగితం రాసింది నేను. ఇంగ్లీషులో ఆ చేతిని బిగించేది ఏదీ ఉండకూడదు అని ఉంది. ఉదాహరణకు రెండు వస్తువులు చాలనుకుని గడియారం, గాజులు రాసి ముగించాను. అదే ఇంట్లో పుట్టి, నాన్న చేతికీ అన్న చేతికీ ఆ దారం చూస్తూ పెరిగినదాన్ని, నాకే తట్టకపోతే నీకెలా తడుతుంది?

నిన్న కమిటీలో ఈ సంగతి పెట్టాను, పేర్లు చెప్పలేదు. ప్రభుత్వ పత్రంలో దారాలు, తాయెత్తుల గురించి రాస్తే నవ్వుతారని అధ్యక్షుడు అన్నాడు. నవ్వితే నవ్వనీయండి, ఒక చేయి పోయింది అన్నాను. అందరూ నా వైపు చూశారు. చివరికి ఒప్పుకున్నారు. దారం, కంకణం, తాయెత్తు ఏదైనా సరే రెండో చేతికి కట్టుకోండి, దేవుడు ఏమీ అనుకోడు అని రాశాను. దేవుడి మాట కొట్టేశారు, మిగతాది ఉంచారు. ఇంకొకటి కూడా పెట్టించాను. ఆపరేషన్ ముందు రోగిని ఏ చేత్తో అన్నం తింటావని అడిగి ఊరుకోకూడదు, ఏ చేత్తో ఏ పని చేస్తావో అడగాలి. అది అన్న మాటే.

ఇక ఏం చేయాలంటే, అదే ఎడమ చేతిలో మోచేయి పైన ఇంకోసారి ప్రయత్నించవచ్చు. అక్కడ నాళం లావుగా ఉంటుంది. డాక్టరు స్కాన్ చూసి కుదురుతుందన్నాడు. వెంటనే ఒప్పుకోండి. జ్వరం నూరు దాటితే ఒక్క గంట కూడా ఆగవద్దు.

తనూజ


కోడుమూరు,
ఫిబ్రవరి నెల.

అమ్మీ,

రెండో ఆపరేషన్ అయింది. మోచేయి పైన మోత వినబడుతోంది. ఈసారి మీ అన్న మాట నేను నమ్మడం లేదు. పొద్దునా సాయంత్రం నేనే చెవి పెడుతున్నాను. ఆయన మోగుతోందంటే కూడా పెడుతున్నాను. ఆ మిగిలిన చీర నేనే నేసి ఎట్లాగో దింపేశాను. నా నేత చూసి సొసైటీ వాళ్ళు నవ్వారు, ఆయన మాత్రం నవ్వలేదు.

మొన్న డయాలసిస్ నుంచి వస్తూ బస్సులో అడిగాడు.

"ఇది గూడా ఆగితే?"

ఇంటికొచ్చాక కూడా ఆ మాటే చెవిలో ఉంది. అందుకని నిన్ను అడుగుతున్నాను. అది ఆగితే ఏమిటో మీ పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ పేజీ నాకు పంపు. దాచవద్దు. మా ఇంట్లో ఆయన కొంత దాచాడు, నేను కొంత దాచాను, దానికి ఒక చేయి ఖర్చయింది.

ఇంకోటి కూడా అడిగేస్తాను, రాసి చించి, రాసి చించి ఇది మూడో కాగితం. నువ్వు ఆయన తోడబుట్టినదానివి. నేను కోడలిగా వచ్చేటప్పటికి నువ్వు ఆరో తరగతి, నీకు జడలు వేసి బడికి పంపాను. కిడ్నీ ఎవరిస్తారని డాక్టరు అడిగినప్పుడల్లా నీ పేరు నా నాలుక చివర దాకా వచ్చి ఆగుతుంది. నువ్వే అంటావని ఎదురుచూశాను. నువ్వు మార్గదర్శకాలు పంపావు, కాగితాలు పంపావు, మనిషివి రాలేదు. నీకు భయమా? భయమైతే భయమని చెప్పు. నేను ఏమీ అనుకోను. అనుకుంటాను, కానీ పైకి అనను.

వదిన


కడప,
మార్చి నెల.

వదినా,

అడిగినందుకు మంచిదయింది. నువ్వు అడగకపోతే నేను ఎన్నాళ్ళు ఇలా ఉండేదాన్నో.

ముందు ఆ పేజీ. ఇది ఆగితే కుడి చేతిలో పైన ఎక్కడైనా నాళం దొరుకుతుందేమో చూస్తారు. అదీ కుదరకపోతే చేతిలో కృత్రిమ నాళం వేస్తారు. తర్వాత తొడలో. కొందరికి కడుపులోకి ద్రవం ఎక్కించి ఇంట్లోనే చేసుకునే పద్ధతి ఉంది, అన్నకు అది పనికొస్తుందో లేదో అడగాలి. ఏదీ లేనప్పుడు మళ్ళీ మెడ గొట్టం. దారులున్నాయి వదినా, కానీ ఒక్కో దారి అంతకు ముందుదానికంటే ఇరుకు. అన్నిటికంటే మేలైనది కిడ్నీ మార్పిడి, రక్త సంబంధీకులను ముందు చూడాలి. ఈ పేజీ తెలుగులోకి మార్చింది కూడా నేనే.

అన్నను మొదటిసారి డయాలసిస్‌కు ఎక్కించిన వారమే నేను పరీక్షలు చేయించుకున్నాను. మీకెవరికీ చెప్పలేదు. రిపోర్టు పట్టుకుని నేరుగా ఇంటికొచ్చి, ఇదిగో నాది తీసుకో అందామనుకున్నాను. బ్లడ్ గ్రూపు కలిసింది. మిగతా పరీక్షలు బాగా రాలేదు. నా కిడ్నీలు సగం కంటే తక్కువ పనిచేస్తున్నాయి. బీపీ ఎప్పటి నుంచి ఉందో తెలియదు. రోజంతా అందరి చేతులకూ పట్టీ చుట్టి బీపీ చూసేదాన్ని, నా చేతికి ఎప్పుడూ చుట్టుకోలేదు.

అన్నకు నొప్పి మాత్రల వల్ల వచ్చిందనుకున్నాం. నేనెప్పుడూ అవి మింగలేదు. మా రక్తంలోనే ఏదో ఉందేమోనంటున్నాడు డాక్టరు. నాన్న కాళ్ళు వాచి చనిపోయాడు కదా, అప్పుడు ఎవరూ పరీక్ష చేయలేదు. అందుకే శిల్పకు వెంటనే చేయించాలి. కమలాపురంలో మైకు పట్టుకుని ఊరందరికీ చెప్పినదాన్ని, శిల్పకు చేయించమని నీతో నేరుగా అనలేకపోయాను. చెబితే, మరి నువ్వు చేయించుకున్నావా అని నువ్వు అడుగుతావు.

ఉదయం పూట నా ముఖం ఉబ్బి ఉంటుంది, వీడియోలో గోడ చూపించింది అందుకే. ఇంటికొస్తే నీ కళ్ళు కనిపెట్టేస్తాయని రాలేదు. వార్డులో రోజూ పది మంది చేతుల మీద వేళ్ళు పెట్టి ఆ మోత చూస్తాను. చూసిన ప్రతిసారీ చొక్కా చేతి కింద నా చేయి నాకు గుర్తొస్తుంది. భయమా అని అడిగావు. చాలా భయం వదినా. ఏం జరుగుతుందో వరసగా, ఏ పేజీ తర్వాత ఏ పేజీ వస్తుందో తెలిసి భయపడడం వేరు. గదిలో ఒక్కదాన్నే ఉన్నప్పుడు పుస్తకం మూసి పెట్టినా అవే వాక్యాలు వినబడతాయి.

అన్నకు చెప్పాలో వద్దో నీ ఇష్టం.

తనూజ


కోడుమూరు,
మార్చి నెల.

అమ్మీ,

నీ ఉత్తరం సొసైటీ అరుగు మీదే చదివాను. మహానంది ఏమైందని అడిగితే కంట్లో నూలు దుమ్ము పడిందన్నాను. ముందు కోపమొచ్చింది. ఏడాదిగా నీ మీద మనసులో ఎంత కారం నూరి పెట్టుకున్నానో, దాన్నిప్పుడు ఎవరి మీద పోయాలి? నువ్వు అక్కడ ఒక్కదానివే ఉబ్బిన ముఖంతో కూర్చుని మాకు ధైర్యం చెబుతూ ఉత్తరాలు రాస్తుంటే, నేను ఇక్కడ నిన్ను తిట్టుకుంటున్నాను. పాపిష్టిదాన్ని.

ఆ రోజే కర్నూలు పోయి శిల్పకు పరీక్షలు చేయించాను. రిపోర్టు వచ్చేదాకా మంచినీళ్ళు దిగలేదు నాకు. ఏమీ లేదన్నారు. ఏటా తప్పకుండా చూపించుకోమన్నారు. ఏమీ లేదన్న మాటకు సంతోషించాలో, ఏటా అన్న మాటకు భయపడాలో తెలియడం లేదు. రెండూ చేస్తున్నాను.

మీ అన్నకు చెప్పేశాను. ఇక ఈ ఇంట్లో దాచేది లేదు. విని గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. మగ్గం ముట్టుకోలేదు. నన్ను చూడకుండానే అన్నాడు.

"దానికి రాయి. భయం ల్యాదని చెప్పు. సూది పొడిచేటప్పుడు పక్కకు చూస్తే సాలు, ఏం తెలీదని రాయి."

రాయమన్నాడు కాబట్టి రాశాను. నిజం మాత్రం నేను చెబుతాను. ఆయన ఇప్పటికీ నా చేయి గట్టిగా పట్టుకోనిదే పొడిపించుకోడు. నీకు ఆ రోజు ఎప్పుడొస్తుందో, అసలు రాకుండానే పోతుందో. వస్తే నీ పక్కన కూర్చుని పట్టుకోవడానికి నాకు ఇంకో చేయి ఉంది.

ఈ శనివారం సెలవు దొరకదు అనకు. పొద్దున బస్సెక్కి రా. ఉప్పు లేకుండా నోటికి హితవుగా వండడం నాకిప్పుడు చేతనయింది. మీ ఇద్దరికీ ఒకే గిన్నెలో వండుతాను.

మీ వదిన
శివలీల